నవ్వాడని రుజువేంటి?

ఉపాధ్యాయులు కలం పట్టాలి, తరగతి గది అనుభవాలు లోకానికి చెప్పాలి అని ఒక విద్యా పరిశోధన పత్రిక పిలుపునిచ్చింది. బుద్ధి గడ్డి తిని నేను నమ్మాను.

పిల్లలకు భిన్నాలు చెప్పడం నా పని. నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కాబట్టి, నాలుగో వంతు కన్నా ఎనిమిదో వంతు కూడా పెద్దదేనని చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఒకరోజు చివరి బెంచీ కుర్రాడు కాగితం మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టి, "అంటే సార్, కింద అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుందా?" అని పక్కవాణ్ని చూసి నవ్వాడు. నేను రాసింది ఇంతే. నాలుగు పేజీలు.

ఏడు నెలలకు జవాబొచ్చింది. వ్యాసం మరీ పొట్టిగా ఉందని మొదటి సమీక్షకుడు, మరీ పొడుగని రెండో సమీక్షకుడు. అది వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. నన్ను కట్టిపడేసింది పదమూడో వ్యాఖ్య: "'నవ్వాడు' అన్నారు. నవ్వును ఎలా నిర్వచించారు? ఏ సాధనంతో కొలిచారు?"

నిజమే కదా. ఇన్నేళ్లుగా కొలత లేకుండానే పిల్లల్ని నవ్విస్తున్నాను, ఎంత బాధ్యతారాహిత్యం! వెంటనే కూర్చుని అయిదు మెట్ల కొలబద్ద తయారుచేశాను. 1 అంటే పెదవి కదిలింది. 3 అంటే పళ్లు కనిపించాయి. 5 అంటే హెడ్మాస్టరు వచ్చి ఏమిటా గోల అన్నారు. ఒక్కరు కొలిస్తే చెల్లదట. ఇద్దరు విడివిడిగా కొలవాలి, ఇద్దరి లెక్కా ఎంతవరకు కలిసిందో కోహెన్ కప్పాతో చూపించాలి. కప్ప అనగానే సైన్సు మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. ఇది నీళ్లలో ఉండేది కాదు, 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన గణాంక సూచిక అని ఆయన చెప్పి, పాపం, రెండో కొలతగాడిగా వెనక బెంచీలో సర్దుకున్నారు.

కుర్రాణ్ని పిలిచాం.

"మొన్నలాగే కాగితం మడతపెట్టి నవ్వరా."

"ఎందుకు సార్?"

వాడు మా ఇద్దరి పెన్నుల వైపు చూసి బిక్కమొహం వేశాడు. పెదవి కదిలింది, ఒకటి అన్నాను నేను. అది నవ్వు కాదు, ఏడుపుకు ముందొచ్చే వణుకు అన్నారు ఆయన. కప్ప మునిగింది.

చివరికి అచ్చయిన వాక్యం ఇదీ: "పాల్గొన్న వ్యక్తి 17లో సానుకూల భావోద్వేగ ప్రతిస్పందనతో కూడిన భావనాత్మక పునర్నిర్మాణం గమనించబడింది." పిల్లాడి పేరు దాచడం న్యాయమే. వాడి ప్రశ్న ఏం పాపం చేసింది? నేనూ లేను, నా కుర్చీలో 'పరిశోధకుడు' అనే పెద్దమనిషెవరో కూర్చున్నాడు.

ఇంత నిక్కచ్చితనం విద్వత్ లోకానికి శోభే. ఇదే లోకంలో 2013లో జాన్ బొహానన్ అనే సైన్సు విలేకరి, కావాలనే తప్పులు కుక్కిన బూటకపు పరిశోధనను 304 పత్రికలకు పంపితే సగానికి పైగా కళ్లకద్దుకున్నాయి. మెయిలింగ్ లిస్టులోంచి నన్ను తీసేయండి అని అర్థమొచ్చే ఏడు ఇంగ్లిషు మాటల బూతు వాక్యంతోనే పది పేజీలు నింపిన వ్యాసానికి 2014లో మరో పత్రిక 'ఎక్సలెంట్' రేటింగ్ ఇచ్చి, 150 డాలర్లు కట్టమంది. అందులో 'నవ్వాడు' అన్న మాట లేదు కాబట్టి బతికిపోయింది.

పక్క సెక్షన్ టీచరు నా వ్యాసం చదువుతానన్నారు. లింకు పంపాను. డబ్బు కడితేనే తెరుచుకుంటుందట. నాకూ తెరుచుకోలేదు, హక్కులు రాసిచ్చేశాను కదా. రాసిన నాకు చిల్లిగవ్వ లేదు, సమీక్షించిన వాళ్లకూ లేదు. మరి ఆ డబ్బెవరి జేబులోకి? పగలంతా గొంతు చించుకుని, రాత్రి నిద్ర మానుకుని రాసింది ఎవరి కోసం? రేపు అదే పాఠం చెప్పబోయే మనిషికి అందకుండా తాళం వేయడానికి సిగ్గనిపించదా? ఉపాధ్యాయుల గొంతు వినిపించాలన్నది మీరే. ఎవరికి వినిపించారయ్యా?

స్టాఫ్ రూములో ఆవిడకు కాగితం మడతపెట్టి చూపించాను. మూడు నిమిషాలు పట్టింది. నవ్వారు. పళ్లు కనిపించాయి కాబట్టి మూడు వేశాను, కానీ చెల్లదు. రెండో కొలతగాడు ఆ రోజు సెలవు పెట్టారు.