టెన్నిస్ కోర్టు గేటుకు వేలాడే బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా రెండు బైండింగ్ వైర్ల మీద క్షేమంగానే వేలాడుతున్నారని మొన్న ఆదివారం కళ్లారా చూశాను. శనివారం రాత్రి వాకింగ్‌కి వచ్చినప్పుడు మీరు లేరు. తెల్లారేసరికి వెలిశారు. దేవుళ్లు కూడా ఇంత త్వరగా వెలవరు.

ఉదయం ఆరున్నర స్లాట్ అది. మూడు రోజుల ముందు అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే ఆప్‌లో ఎగబడి పట్టుకున్నాను. అయిదున్నరకే ఏడేళ్ల పిల్లని లేపి, పాలు తాగించి, రెండు జడలు బిగించి, రాకెట్ చేతికిచ్చి తీసుకొచ్చాను. గేటు దగ్గర మీరు. మనముండేది బెంగళూరు కదా, పైన కన్నడలో ఒక వరుస, కింద ఇంగ్లీషులో ఒక వరుస, మధ్యలో అరచేయంత స్టిక్కర్ అంకెలు: 12. కన్నడ అక్షరాలు మన అక్షరాలకి అక్కచెల్లెళ్లే కదా, కూడబలుక్కుని చదివాను. నమ్మకం చాలక ఇంగ్లీషులో మళ్లీ చదివాను. 12 ఏళ్లు నిండనివారికి ప్రవేశం లేదు.

మా అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ గారికి ఫోన్ చేస్తే పాపం వెంటనే దిగి వచ్చారు, ఆర్‌సీబీ టీషర్టులో. అనంతపురం మనిషి, మర్యాదస్తుడు. "అక్కా, పాప శానా చిన్నది గదా. అప్పుడే ఏం తొందర? కొంచెం పెద్దగవనీ" అన్నారు.

సానియా మీర్జా 2023 జనవరిలో ఆటకి సెలవు చెబుతూ రాసిన లేఖ సరిగ్గా ఆ మాట దగ్గరే మొదలవుతుంది. హైదరాబాద్ నస్ర్ స్కూల్లో చదివే ఆరేళ్ల పిల్ల అమ్మతో కలిసి నిజాం క్లబ్ కోర్టుకి నడిచి వెళ్లింది. మరీ చిన్నపిల్ల అన్నాడు కోచ్. నేర్పమని ఆయనతో పోట్లాడాల్సి వచ్చింది. ఆ రోజుల్లో పేడ అలికిన కోర్టుల మీద ఆడామని కూడా ఆవిడ చాలాసార్లు చెప్పింది. మీ వెనకాల ఉన్నదేమో నీలం రంగు సింథటిక్ కోర్టు, నాలుగు ఫ్లడ్‌లైట్లు (వాటిలో రెండు వెలుగుతాయి). అయినా నేను ఆ కోచ్‌కే ఓటేస్తాను. ఆయన మనిషి. పోట్లాడితే విన్నాడు. రేకు ముక్కతో ఏమని పోట్లాడను?

ఆ మరీ చిన్నపిల్ల 16 ఏళ్లకి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో, 18 ఏళ్లకి, సొంత ఊళ్లోనే డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ కొట్టింది. అంతకుముందు మన దేశంలో ఏ ఆడపిల్లా ఆ పని చేయలేదు. నేనప్పుడు అమీర్‌పేటలో హాస్టల్లో ఉన్నాను. టెన్నిస్‌లో సున్నా తర్వాత పదిహేను ఎందుకొస్తుందో తెలియని వాళ్లం కూడా టీవీ గదిలో అరిచి గోల చేశాం. ఆ వారంలో హాస్టల్లో సగం ముక్కులకి, అచ్చం సానియాలాగే, నొక్కుడు రింగులు వెలిశాయి. నాది కోఠిలో ఇరవై రూపాయలకి కొన్నాను. రెండో రోజే సాంబారులో పడిపోయింది.

ఆ తర్వాత సంగతి మీకు చెప్పాలి, ఎందుకంటే మీకు వయసు లెక్కలు ఇష్టం కదా. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు. 2008లో మణికట్టుకి ఆపరేషన్. ఇక అయిపోయిందన్నారు. అయిపోయిన మనిషి సింగిల్స్ వదిలేసి డబుల్స్ పట్టుకుని 2015 ఏప్రిల్లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అన్నీ కలిపి 91 వారాలు ఆ కుర్చీలో కూర్చుంది. ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, అందులో మూడు మార్టినా హింగిస్‌తో కలిసి. ఇంత జరిగాక 2016లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, మరి సెటిల్ అయ్యేదెప్పుడని అడిగారు. పిల్లలెప్పుడని దాని అర్థం. నేను సెటిల్ కాలేదంటారా అని ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది. అడిగినాయన సారీ చెప్పారు.

ఆరేళ్లప్పుడు "అప్పుడేనా" అన్నారు. ముప్ఫై నిండకముందే "ఇంకానా" అన్నారు. ఆ రెంటికీ మధ్యన ఆడపిల్ల ఆడుకోవడానికి సరైన వయసు ఏ రోజు వచ్చి ఏ రోజు పోయిందో నాకు తెలియడం లేదు బోర్డు గారూ. మా లేఅవుట్‌కి కావేరీ నీళ్లు వచ్చినట్టు, అందరం నిద్రపోతున్నప్పుడు వచ్చి పోయి ఉంటుంది.

ఆవిడ దానికోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు లెండి. 2018 అక్టోబర్లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగొచ్చిన మొదటి టోర్నీలోనే హోబార్ట్‌లో డబుల్స్ టైటిల్ పట్టుకుపోయింది. 2023లో చివరి గ్రాండ్‌స్లామ్, మెల్‌బోర్న్‌లో మిక్స్‌డ్ ఫైనల్. ఆవిడకి 36, జోడీ రోహన్ బోపన్నకి 42. ఓడిపోయారు, అది వేరే విషయం. మన కొడగు బోపన్న మరుసటి ఏడు అక్కడే, 43 ఏళ్ల వయసులో, పురుషుల డబుల్స్ గెలిచాడు. పై వయసుకి కూడా ఎవరైనా మీలాంటి వారిని వేలాడదీసి ఉంటే ఆ కప్పు ఇంకెవరింట్లోనో ఉండేది.

ఇదంతా సెక్రటరీ గారికి అక్కడే చెప్పాను. ఆయన టీషర్టు మీదున్న ఆర్‌సీబీయే 2023లో తమ మహిళల జట్టుకి సానియాని మెంటార్‌గా పెట్టుకుందని కూడా చెప్పాను. "అవునా అక్కా!" అని నిజంగానే సంబరపడ్డారు. గేటు మాత్రం తీయలేదు. కబ్బన్ పార్కు కోర్టుల్లో 2006లో లీజెల్ హ్యూబర్‌తో కలిసి ఆవిడ డబుల్స్ గెలిచిందంటే, "అయితే పాపని అక్కడికే తీసుకుపో అక్కా" అన్నారు. మధ్యలో మీ పెద్దన్న సిల్క్ బోర్డు జంక్షన్ ఉన్నాడు కదా, ట్రాఫిక్‌లో ఎవర్నీ కదలనివ్వడు. ఆయన్ని దాటి వెళ్లేసరికి పాపకి ఎలాగూ 12 నిండుతాయి.

ఇంతసేపూ మర్యాదగా రాశాను. ఇక చాలు.

నువ్వు మా పాపని ఆపిన అయిదు నిమిషాలకి, మా స్లాట్‌లో, నలుగురు అంకుల్స్ పికిల్‌బాల్ (చెక్క బ్యాటులాంటి దానితో ప్లాస్టిక్ బంతిని కొట్టే ఆట) ఆడటానికి వచ్చారు. ఒకాయన చెప్పులతో దిగాడు. ఇంకొకాయన బేస్‌లైన్ మీద నిలబడి ఫోన్లో షేర్ల సంగతి మాట్లాడాడు. వాళ్లని నువ్వేమీ అనలేదు. పిల్లలకి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదట! నెట్ మధ్యలో ఎత్తు మూడడుగులు, మా పిల్ల నాలుగడుగులకి వేలెడు తక్కువ. అది ఆడేది మెత్తటి ఎర్ర బంతి, సగం ఎరుపు సగం పసుపు. పదేళ్లలోపు పిల్లల పోటీల్లో నెమ్మది బంతులే వాడాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచే రూల్ పెట్టింది. అంటే ప్రపంచమంతా ఆ వయసు పిల్లలు ఆడతారనే లెక్కలో ఉంది, ఒక్క నువ్వు తప్ప. స్లాట్ డబ్బులు తిరిగి రాలేదు. దాని గురించి నేనేమీ అనడం లేదు.

పిల్ల ఏడవలేదు. లిఫ్టులో ఒక్కటే అడిగింది, "అమ్మా, పన్నెండు ఎప్పుడొస్తుంది?" అని. నాకు నోట మాట రాలేదు. ఇంటికెళ్లి ఉప్మా తిని, అద్దం ముందు నిలబడి గాల్లో బ్యాక్‌హ్యాండ్లు కొట్టుకుంది.

మంగళవారం సాయంత్రం అది గేటు బయటే నిలబడి నీ మీదికి బంతి కొట్టింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆపలేదు. ప్రవేశం లేదన్నావు గాని బయట నిలబడి కొట్టకూడదని నీ మీద ఎక్కడా లేదు. మొదటి మూడూ గోడకి తగిలాయి. నాలుగోది టంగుమని తగిలింది. స్టిక్కర్ చివర ముందే లేచి ఉన్నట్టుంది, 12లో 2 ఊడి కింద పడింది. ఆ 2ని తెచ్చి మా ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాం.

కాబట్టి బోర్డు గారూ, తమరి తాజా ఉత్తర్వు ప్రకారం 1 ఏడాది నిండనివారికి ప్రవేశం లేదు. చాలా సబబైన నిబంధన. మాకేమీ అభ్యంతరం లేదు. ఆదివారం ఆరున్నర స్లాట్ మళ్లీ పట్టాను.

ఇట్లు,
డి బ్లాక్, నాలుగో అంతస్తు, పాప వాళ్లమ్మ