కరువులో బాప్తిస్మం ఆపిన క్లౌ దొర

సంక్షోభంలోనే అవకాశం ఉందన్న మాట కొన్నేళ్లుగా మన చెవుల్లో మోగుతూనే ఉంది. ఉద్యోగాలు ఊడినప్పుడల్లా వ్యాపార సలహాదారులూ అదే చెబుతారు, ప్రసంగీకులూ అదే చెబుతారు. విశ్వాసిగా నాకు ఆ మాట మీద నమ్మకం ఉంది. అయితే ఆ అవకాశం ఎవరికి, దేనికి అన్నది తేల్చుకోకుండా ఆ మాట అనడం ప్రమాదకరమని కూడా నమ్ముతాను. ఈ సంగతి నాకు బాగా బోధపరిచింది మన ఒంగోలు చరిత్ర.

ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో వానలు మొహం చాటేశాయి. 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పీడించిన ఆ కరువునే మన పెద్దలు ధాత కరువు అన్నారు. లక్షలాది మంది ఆకలికీ, దాని వెంట వచ్చిన కలరాకూ బలయ్యారు. ఒక దశలో కరువు పనుల కూలిని సైతం ప్రభుత్వం రోజుకు పౌను ధాన్యానికీ, కాస్త చిల్లరకూ కుదించింది. ఎండలో రోజంతా మట్టి తవ్వే మనిషికి దక్కేది అర కిలో కన్నా తక్కువ గింజలు.

అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో పనిచేస్తున్న బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒకప్పుడు అమెరికాలో భూముల సర్వే నేర్చిన మనిషి. ఆ చదువు ఇప్పుడు అక్కరకొచ్చింది. కరువు పనిగా ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడు, నాలుగు మైళ్ల మేర కాంట్రాక్టు తీసుకున్నాడు. మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు. పనికి వచ్చినవారిలో మాదిగ కుటుంబాలు ఎక్కువ. కులం పేరు పెట్టి తిట్టే, చెయ్యి చేసుకునే మేస్త్రీల కింద కాకుండా తమవాళ్ల కింద పనిచేసి కూలి తీసుకోవడం వారికి ఎంత పెద్ద మాటో ఆ కాలపు పల్లెలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం గడ్డపారలు పక్కన పెట్టి కూర్చున్నప్పుడు, ప్రయాసపడి భారం మోసుకునేవారిని తన దగ్గరికి రమ్మన్న యేసు మాట బోధకులు వినిపించేవారు.

ఆ జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి తన చేతి మీదుగా అందుతున్నంత కాలం, సాయం తన దగ్గర ఉన్నంత కాలం ఇవ్వనన్నాడు. ఏడాదికి పైగా అదే మాట మీద నిలబడ్డాడు. వేల మంది తన మాట కాదనలేని స్థితిలో ఉన్నారు. లెక్కలు పెంచుకోవాలనుకునే మనిషికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఆ అదనునే ఆయన వదులుకున్నాడు. ఆ చరిత్రలో నేను అన్నిటికన్నా మిన్నగా గౌరవించేది ఈ నిరాకరణనే.

కాలువ పని అయిపోయింది. ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇళ్లకు వెళ్లండని చెప్పాడు. మాకు మీ డబ్బు వద్దు, పనిచేసి బతికామనడానికి మా చేతులకు లేచిన బొబ్బలే సాక్ష్యం, వచ్చే పంట పోతే చస్తాం, చస్తే క్రైస్తవులుగా చస్తామన్నారు వాళ్లు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చినవారు తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకున్నారు. కూటి కోసం మతం మారారని ఆ పూర్వీకుల గురించి నేటికీ తేలిగ్గా అనేవారు ఉన్నారు. ఆ మాట నన్ను బాధిస్తుంది. కూడు ఇచ్చిన రోజుల్లో తలుపు మూసి ఉంది, కూడు లేని రోజున తెరుచుకుంది. వారి మునిమనవలు ఇవాళ ఇక్కడ అమెరికా ఆసుపత్రుల్లో, కంపెనీల్లో మన పక్కనే పనిచేస్తున్నారు.

ఇప్పుడు మన సంగతి. ఇక్కడ ఉద్యోగం పోయిందంటే హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి కొత్త కొలువు వెతుక్కోవడానికో, దేశం వదలడానికో మామూలుగా మిగిలే గడువు 60 రోజులు. అలాంటి ఇంట్లో రాత్రి పూట యూట్యూబ్ పెడితే, విత్తన కానుక పంపండి, దేవుడు రెట్టింపు జీతం ఇస్తాడని చెప్పే ప్రసంగాలు వస్తున్నాయి. అద్దెకు దాచుకున్న డబ్బు పంపినవారు నాకు తెలుసు. ఇది విశ్వాసం కాదు. నిస్సహాయుడి జేబులో చెయ్యి పెట్టడం. క్లౌ వదులుకున్న అదనును వీరు వెతుక్కుంటూ వస్తున్నారు.

బైబిలులో నాకు ఇష్టమైన ఆస్తి లావాదేవీ ఒకటుంది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించిన వేళ, చెరసాల ప్రాకారంలో బందీగా ఉన్న ప్రవక్త యిర్మీయా తన సొంతూరు అనాతోతులో ఒక పొలం కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల చేత సంతకాలు చేయించి, పత్రాలను మట్టికుండలో భద్రపరచమన్నాడు. చవకగా కొట్టేసి తర్వాత అమ్ముకోవడానికి కాదు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారని ఓడిపోతున్న జనానికి చెప్పడానికి. ఆ పొలం వల్ల ఆయనకు లాభం వచ్చినట్లు ఎక్కడా లేదు.

మా ప్రార్థన కూడికలో ఒక తమ్ముడికి కిందటేడు ఉద్యోగం పోయింది. భార్యకు ఏడో నెల. ప్రార్థన అయ్యాక ఒక అక్క కళ్లజోడు పెట్టుకుని, భోజనాల బల్ల మీద ఆ కంపెనీ ఇచ్చిన కాగితాలు పరిచి, ఇన్సూరెన్స్ ఏ తేదీతో ఆగిపోతుందో వెతికి పట్టుకున్నారు. "తమ్ముడూ, ఈ తేదీ ముందు చూసుకో, మిగతావి రేపు" అన్నారు. మరొకరు అతని రెజ్యూమే దిద్దారు. మన తెలుగు సంఘంలోనే, చర్చికి ఎప్పుడూ రాని ఒక పెద్దాయన వరసగా మూడు సాయంత్రాలు ఇంటర్వ్యూ సాధన చేయించారు. దేవుడు మేలు చేశాడని ఎవరూ అతని చేత అందరి ముందు సాక్ష్యం చెప్పించలేదు, ఫోటో తీయలేదు. సంక్షోభంలో విశ్వాసికి దొరికే అవకాశం ఇదేనని నా అభిప్రాయం: ఆపదలో ఉన్నవాడి పక్కన కూర్చుని, బదులుగా ఏమీ ఆశించకపోవడం.

దీన్ని ఎవరి మంచితనానికో వదిలేయకుండా మన తెలుగు సంఘమే ఒక పద్ధతిగా చేపట్టాలని కోరుతున్నాను. వీసా, ఇన్సూరెన్స్, అద్దె ఒప్పందం, పిల్లల బడి విషయాలు తెలిసినవారి జాబితా ఒకటి ఉండాలి. ఫోను ఎత్తే బాధ్యత నెలకొక కుటుంబం తీసుకోవాలి. రెండు నెలల అద్దెకు సరిపడా చిన్న నిధి ఉండాలి. మా చర్చి తరఫున మొదటి నెల ఫోను బాధ్యత మేము తీసుకుంటాం. సాయం అడిగేవారు నింపే కాగితంలో పేరు, ఫోను నంబరు, అవసరం, గడువు తేదీ ఉంటే చాలు. మతం, కులం, ఊరు అడిగే గడి అందులో ఉండకూడదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని చర్చకు పెట్టండి.