హాయ్ అన్నారు, బాగున్నారా అన్నాను

ముందే ఒప్పేసుకుంటున్నాను, తప్పు నాదే. గుంటూరు నగరానికి తూర్పు, పశ్చిమ అని రెండు నియోజకవర్గాలు. మాది ఏదో చెప్పను. ఇందులో ఎమ్మెల్యే గారి పాపం ఇసుమంత కూడా లేదు కాబట్టి చెప్పాల్సిన అవసరమూ లేదు. కంపోజింగ్ కుర్రాడి మీదికి నెట్టేయొచ్చు గానీ, ప్రూఫు దిద్దిన మహానుభావుణ్ణి నేను. ముప్ఫై రెండేళ్ళు పిల్లల చేత వత్తులు దిద్దించిన తెలుగు మాస్టర్ని.

2025 ఆగస్టు నెలాఖరు. ఎమ్మెల్యే గారి ఆఫీసులో పనిచేసే కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ.

"మాస్టారూ, నెలనెలా జనానికి ఒక కరపత్రం వేద్దామనుకుంటున్నాం. పేటలో ఏం జరిగింది, గవర్నమెంటు సేవలేమున్నాయి, ఎవర్ని అడగాలి, అన్నీ ఒక్క కాయితంలో. మీరు రాస్తే భాష బాగుంటుంది."

భాష బాగుంటుంది అన్నవాడికి నేను ఇల్లయినా రాసిచ్చేస్తానని మా ఆవిడ అంటుంది. ఇల్లు అడగలేదు కాబట్టి కరపత్రం రాసిచ్చాను. ఒక వైపు పేట వార్తలు: పదో తరగతిలో మార్కులొచ్చిన పిల్లలు, కంటి పరీక్షల శిబిరం, పార్కులో కొత్త బెంచీలు. రెండో వైపు సేవలు. ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇచ్చే 4,000 రూపాయల పింఛను, దీపం-2 కింద ఏడాదికి 3 గ్యాస్ బండలు, అన్న క్యాంటీన్లో 5 రూపాయల భోజనం, అప్పుడే ఆగస్టు 15న మొదలైన ఆడవాళ్ళ ఉచిత బస్సు. అన్నిటికన్నా కింద, పెట్టె కట్టి, 'మన మిత్ర'. అదే, 2025 జనవరి 30న ప్రభుత్వం పెట్టిన వాట్సాప్ సేవ. మొదలైన రోజే 161 పనులు ఫోన్లోనే చేసుకోవచ్చన్నారు, తర్వాత ఇంకా పెరిగాయి. 'ఈ నంబరుకు హాయ్ అని పంపండి చాలు' అని రాశాను.

ఆ నంబరు దగ్గరే కలం ఆగింది. గుర్తులేదు. సరే, తర్వాత చూసి చెబుదామని అక్కడ చుక్కలు పెట్టాను. కాయితం పైన మూల, కంపోజింగ్ కుర్రాడి కోసం, 'నంబరు కావాలంటే ఫోన్ చెయ్యి' అని రాసి నా సెల్ నంబరు వేశాను. అరండల్‌పేట ప్రెస్సులో కుర్రాడికి పది పెళ్ళిపత్రికల తొందర. పైన నంబరుంది, కింద చుక్కలున్నాయి. ఫోన్ ఖర్చెందుకని తీసుకెళ్ళి చుక్కల్లో కూర్చోబెట్టేశాడు.

ప్రూఫు నా దగ్గరికే వచ్చింది. 'ధృవీకరణ'ను 'ధ్రువీకరణ' చేశాను. 'శిభిరం'లో భకు పొట్ట కోశాను. రెండు చోట్ల 'అందరూ'కి దీర్ఘం ఇచ్చాను. నంబరు కూడా చూశాను. ఎక్కడో బాగా చూసిన నంబరే అనిపించింది. బాగా తెలిసిన నంబరంటే సరైన నంబరే అయ్యుంటుందని టిక్కు కొట్టి పంపాను.

మర్నాడు సాయంత్రం కరపత్రాలు పంచారు. ఆ మరుసటి పొద్దున ఫోన్ తెరిస్తే నలభై మూడు 'హాయ్'లు.

మొదట సంతోషించాను. పాత విద్యార్థులు ఎవరో గ్రూపు పెట్టుంటారు, ఉపాధ్యాయ దినోత్సవం కూడా దగ్గర్లోనే ఉంది కదా అనుకున్నాను. పలకరించిన వాళ్ళని పలకరించకపోవడం మా ఇంటావంటా లేదు. కాఫీ పక్కన పెట్టుకుని నలభై మూడు మందికీ వరుసగా, 'హాయ్ అండీ, బాగున్నారా? ఇంట్లో అందరూ కులాసానా?' అని కొట్టాను. బొటనవేలు నొప్పెట్టింది.

జవాబులు చూసి నాకు మతి పోయింది.

'బాగున్నాం సార్. ఆదాయ సర్టిఫికెట్ కావాలి.'

'మా ఆయనకి మోకాళ్ళ నొప్పులు. మీరు అడిగారు, అదే పదివేలు.'

'2'

రెండు ఏమిటి? రెండెవరు? పేరు లేదు, ఊరు లేదు, ఒట్టి రెండు. 'ఏం రెండు బాబూ?' అని అడిగితే 'రెండో ఆప్షన్' అన్నాడు. ఇంకో ఆయన 'మెనూ రాలేదు' అని పెట్టాడు. వేళాకోళమాడుతున్నాడనుకుని వంటింట్లోకి కేకేశాను. "ఏమోయ్, ఇవాళ ఏం వండుతున్నావు?" దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ పులుసు. అదే పంపాను. ఆయన కాసేపాగి, 'అన్న క్యాంటీన్ లింకు ఇది కాదు సార్, నాకు కరెంటు బిల్లు కావాలి' అన్నాడు.

అప్పుడు కరపత్రం తీసి చూశాను. నా నంబరు, నల్లటి అక్షరాల్లో, పెట్టెలో, పూలడిజైను మధ్య మెరిసిపోతోంది.

పదింటికల్లా ఫోన్లే మొదలయ్యాయి. వాట్సాప్ రానివాళ్ళు సరాసరి మోగించేశారు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. శాసనసభ్యులు అంటే శాసనాలు చేసేవాళ్ళని, మన రాష్ట్రంలో వాళ్ళు 175 మంది అని ఏటా పిల్లలకి చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి. నా పన్నెండు రోజుల సర్వీసులో శాసనం ఊసెత్తిన వాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. సైడు కాలవ, వీధి లైటు, కుక్కలు, పక్కింటివాళ్ళ మునగచెట్టు. మునగచెట్టు ఏ శాఖ కిందికొస్తుందో నాకిప్పటికీ తెలీదు.

ఒకాయన ఒకటో తారీఖు తెల్లారి ఐదున్నరకి లేపాడు. "పింఛను ఇంకా రాలేదండీ."

"ఇంకా సూర్యుడే రాలేదు కదండీ" అన్నాను.

"ఆయన ఒకటో తారీఖున వస్తానని మాటివ్వలేదు కదా" అన్నాడు. లాజిక్కు ఉంది.

ఇంకొకావిడ బస్టాండు నుంచి. చుట్టూ గోల. "టిక్కెట్టుకి డబ్బులు అడుగుతున్నారండీ, ఆడవాళ్ళకి ఫ్రీ అని మీ కాయితంలో వేశారు." ఏ బస్సమ్మా అంటే హైదరాబాద్ సూపర్ లగ్జరీ అంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ ఐదింట్లోనే తల్లీ అని చెబుతుంటే ఫోను బస్సాయన చేతికిచ్చేసింది.

"ఎవరండీ మీరు?" అన్నాడాయన గట్టిగా.

కంగారులో నోట్లోంచి వచ్చేసింది. "నేను... మన మిత్రనండీ."

రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ఆయన గొంతు తగ్గించి, "సార్, మా డిపోలో నా లీవు సంగతి కాస్త చూస్తారా" అన్నాడు.

అసలు భయమేసింది ఫోటోలకి. ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు, ఇంటి పన్ను రసీదులు, ఎవరిదో గుండె ఎక్స్‌రే. మధ్యాహ్నానికి నా ఫోను చిన్నసైజు తహసీల్దారు కార్యాలయం అయిపోయింది. ఒక పిల్లాడు వాళ్ళ నానమ్మకి వచ్చిన ఓటీపీ కూడా పంపాడు, అడక్కుండానే! వాడికి మాత్రం ఫోన్ చేసి, గోడకుర్చీ వేయించలేను గానీ, అంత పనీ చేశాను. ఓటీపీ దేవుడు అడిగినా ఇవ్వకూడదురా అని మూడుసార్లు అనిపించాను. కార్డులన్నీ ఒక్కొక్కటిగా చెరిపేసరికి రాత్రి అయింది.

ఆఫీసు కుర్రాడికి చెబితే వాడేం కంగారు పడలేదు. "మాస్టారూ, ఫీడ్‌బ్యాక్ అదిరింది. గవర్నమెంటు వాట్సాప్‌లో బాగున్నారా అని అడుగుతోందని జనం మురిసిపోతున్నారు. ఇంకో వారం ఓపిక పట్టకూడదూ?"

పట్టను అన్నాను. సవరణ చీటీ వేయించమన్నాను. వేశారు. ఈసారి ప్రూఫు నాకు పంపలేదు, నా మీద నమ్మకం పోయిందట. 'పొరపాటున ఈ నంబరు పడింది' అని చెప్పి, నా నంబరు బొటనవేలంత అక్షరాల్లో వేసి, 'దీనికి హాయ్ అని పంప' దగ్గర లైను అయిపోయింది. 'వద్దు' కింది లైన్లోకి జారింది. అసలు నంబరు ఆ కింద చీమంత. జనం పెద్దదే చదివారు. కరపత్రం అందని ఇళ్ళకి కూడా చీటీ అందింది. మెసేజీలు రెట్టింపు.

ఇక నేను చేతులెత్తేస్తే మా ఆవిడ రంగంలోకి దిగింది. ఫోను లాక్కుని, పాలవాడి లెక్కల పుస్తకం వెనకనుంచి మొదలుపెట్టి గీతలు గీసింది. ఎవరు, ఏ లైను, ఏం కావాలి. కరెంటు పోతే 1912. సర్టిఫికెట్లకి మీ వార్డు సచివాలయం. అక్కడా తేలకపోతే సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇచ్చుకోండి. వాట్సాప్ సేవకి 95523 00009, రాసుకోండమ్మా, తొమ్మిది చివర్న ఒక్కటే. నేను రెండు రోజుల్లో నేర్చుకోనిది ఆవిడ పూటలో పట్టేసింది. మునగచెట్టు కేసు కూడా ఆవిడే తీర్చింది. చెట్టు వాళ్ళది, ఇటు వాలిన కొమ్మల కాయలు మీవి. రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకున్నారు. మూడో రోజున మా గుమ్మంలో ఒక కట్ట మునక్కాయలు ఉన్నాయి. అవి లంచమా, ప్రేమా అని నేను ధర్మసందేహంలో ఉండగానే పులుసు అయిపోయింది.

అసలు నంబరు ఇచ్చినా కొందరు తిరిగి మాకే చేసేవారు. "అక్కడ పని అయిందమ్మా, కాయితం వచ్చేసింది. ఊరికే చెబుదామని చేశాను." అలాంటి ఫోన్లకి మా ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చునేది. నా మధ్యాహ్నం కాఫీ ఎన్నిసార్లు చల్లారిందో ఆ లెక్కల పుస్తకంలో ఎక్కలేదు.

తర్వాతి నెల కరపత్రంలో నంబరు సరిగ్గా పడింది. భాష మటుకు బాగాలేదు, ఆరు తప్పులు కనిపించాయి, అయినా నోరెత్తలేదు. మెసేజీలు తగ్గాయి. పదకొండు, నాలుగు, ఒకటి. ఒకరోజు అసలేమీ రాలేదు. ఆ సాయంత్రం మా ఆవిడ ఫోను నెట్వర్కు ఉందో లేదో చూడమని రెండుసార్లు ఇచ్చింది.

నిన్న ఇంటి పన్ను కట్టాల్సి వచ్చింది. క్యూలో నిలబడే ఓపిక లేక, మొదటిసారి నేనే ఆ అసలు నంబరుకి 'హాయ్' అని పంపాను. రెప్ప వెయ్యకముందే జవాబు. వరుసగా శాఖలు, నొక్కుకోవడానికి బటన్లు, అంతా పద్ధతిగా ఉంది.

"ఏమంది?" అంది మా ఆవిడ, బియ్యం ఏరుతూ.

"సేవను ఎంచుకోమంది."

"బాగున్నారా అనలేదూ?"

"లేదు."

చేట పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఫోను అందుకుంది. "నంబరు సరిగ్గా కొట్టారా? మళ్ళీ ఏదో తప్పు పడ్డట్టుంది, చూడండి."