రేషన్ తూకంలో జొన్నలేవి?

సాయంత్రం ఆరు దాటితే హైదరాబాద్‌లో చాలా కాలనీల మలుపుల దగ్గర రొట్టెలు తట్టే చప్పుడు వినిపిస్తుంది. వేడినీళ్లు పోసి కలిపిన జొన్నపిండిని ముద్ద చేసి, పీట మీద తిప్పుతూ అరచేత్తో తడతారు. పెనం మీద వేశాక పైన తడిబట్టతో నీళ్లు అద్ది, తిరగేసి, పొంగేదాకా కాలుస్తారు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసం కారాపి నాలుగు రొట్టెలు పార్సిల్ కట్టించుకునేవాళ్లే ఎక్కువ. ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో పూట గడిపిన పేదవాళ్ల కూడు ఇది. ఇప్పుడు డాక్టర్ చెబితే కొనుక్కునే తిండి అయింది. ఆ రొట్టెలు తట్టే తల్లుల ఇళ్లలో రాత్రికి వండేది మాత్రం చాలావరకు రేషన్ బియ్యమే.

2025 ఉగాది నుంచి రాష్ట్ర ప్రభుత్వం మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తోంది. దొడ్డుబియ్యం తినలేక అమ్ముకున్న కుటుంబాలు ఇప్పుడు ఆ బియ్యమే వండుకుంటున్నాయి. ఈ పథకాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. కానీ కడుపు నిండటం వేరు, ఒంటికి బలం పట్టడం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో అది 70 శాతం. దీనికి తిండి ఒక్కటే కారణం కాదు. అయినా తిండిని పక్కనపెట్టి దీన్ని తగ్గించడం ఎవరి తరమూ కాదు.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకే ఇందుకు సాక్ష్యం. 1918లో తమిళనాడులోని కూనూరులో అది బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం మొదలైంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానంగా తినేవాళ్లకు బీ1 విటమిన్ అందక వచ్చే జబ్బు అది. 1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కు వచ్చింది. అది అచ్చువేసిన ఆహార పట్టికలు చూస్తే, 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 8 కూడా లేదు. జొన్నల్లో పీచు 10 గ్రాములు, బియ్యంలో మూడుకు లోపే. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ కూడా ఉంది. ఇంత విద్య ఊళ్లోనే పెట్టుకుని, బస్తీలో పిల్లల కంచంలో తెల్లన్నం, పలుచటి చారు తప్ప వేరే కనిపించకపోవడం మనసును కలచివేస్తుంది.

అలాగని జొన్నను మంత్రంలా జపించమని మేం చెప్పడం లేదు. పప్పు, పాలు, కూర ఏదీ లేక ఒట్టి జొన్న మీదే బతికిన దక్కను కూలీల్లో ఒకప్పుడు పెల్లాగ్రా కనిపించింది. చర్మం నల్లబడి పగుళ్లిచ్చే జబ్బు అది. దాని గుట్టు విప్పడానికి 1960ల్లో పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ బృందం ఈ నగరంలోనే శ్రమించింది. రొట్టె పక్కన పప్పు, ఆకుకూర, గుప్పెడు పల్లీలు ఉండాల్సిందే. మన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. సద్దుల బతుకమ్మకు నువ్వులు, పల్లీలు, పెరుగన్నంతో సద్దులు కట్టారు. రొట్టె నలిపి, బెల్లం కలిపి మలీద ముద్దలు చేశారు. ఆషాఢంలో మునగాకు వండుకున్నారు.

ఆకుకూరల సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. తోటకూర, పాలకూర, గోంగూర అందరికీ తెలుసు. గంగవాయిలి, పొన్నగంటి, గలిజేరు పేర్లు మాత్రం నగరంలో పుట్టిన పిల్లలు విననైనా వినలేదు. పెద్దగా సాగు చేయకుండానే చేను గట్ల మీద మొలిచేవివి. రైతుబజార్లో ఒక మూల పాత చీర పరిచి కూర్చున్న ముసలమ్మ దగ్గర ఎప్పుడైనా దొరుకుతాయి. కట్ట విప్పి చూస్తే వేళ్లకు ఇంకా మట్టే. వండినప్పుడు నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తినగానే చాయ్ తాగితే ఆ మేరకు తగ్గుతుంది. భోజనానికీ చాయ్‌కీ మధ్య ఒక గంట ఎడం పెట్టుకోవడం మన చేతిలో పనే. కానీ పీర్జాదిగూడ నుంచి దిగువకు మూసీ మురుగునీటితో ఆకుకూరలు పండుతున్నంత కాలం, ఆకుకూర తినండని జనానికి ఏ ముఖంతో చెబుతాం? మూసీ ప్రక్షాళన గురించి మాట్లాడేటప్పుడు ఆ రైతులకు మంచి నీరు, మనకు మంచి కూర అన్న మాట కూడా అందులో ఉండాలి.

ఔషధ మొక్కల పేరుతో జరుగుతున్న వ్యాపారం మమ్మల్ని మరింత కలవరపెడుతోంది. కరివేపాకు, మెంతులు, అల్లం, పసుపు, నల్లేరు పచ్చడి వంటింట్లో ఉన్నంతవరకు మేలే. అవే పొడులుగా, కషాయాలుగా మారి ‘షుగర్ మాత్రలు మానేయండి’ అనే దాకా వచ్చాయి. కరోనా సమయంలో ఇమ్యూనిటీ కోసమని తిప్పతీగ రసం రోజూ తాగినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్నట్టు ముంబై డాక్టర్లు నమోదు చేశారు. తిప్పతీగను పోలిన వేరే తీగలున్నాయని ఆయుష్ శాఖ అప్పట్లో చెప్పింది. ఏ తీగ, ఎంత, ఎన్నాళ్లు అన్నది తెలిసిన వైద్యుడు చెప్పాలి, ఫోన్లో వచ్చిన వీడియో కాదు. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఏ ఆకుపసరు మొదలుపెట్టినా ముందుగా తమ డాక్టర్‌కు చెప్పాలి.

షాపుల్లో కొనేటప్పుడు కూడా చూసుకోవాలి. ‘మల్టీగ్రెయిన్’ బిస్కెట్ ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో మొదట ఉన్నదే అన్నిటికన్నా ఎక్కువ ఉన్నట్టు. అక్కడ మైదా ఉంటే ముందున్న జొన్న కంకి బొమ్మకు విలువ లేదు. కొర్రలు, సామలు మిలమిల మెరుస్తున్నాయంటే పైపొర పోయినట్టే.

ఈ జాగ్రత్తలన్నీ కొనగలిగినవాళ్లకు. మిగతావాళ్లకు దారి రేషన్ షాపే. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు జొన్న, రాగి లాంటి ముతక ధాన్యాలకూ చోటుంది. కర్ణాటక తన రేషన్లో రాగులు, జొన్నలు ఇచ్చి చూపించింది. మన దగ్గర రైతుల నుంచి పంట కొనే సహకార సమాఖ్య మార్క్‌ఫెడ్ జొన్నలు కొంటూనే ఉంది, అవి మన బస్తీలకే చేరాలి. హైదరాబాద్ రేషన్ షాపుల్లో ముందుగా మనిషికి కిలో జొన్నలు, అంగన్‌వాడీ పిల్లలకు వారానికి రెండుసార్లు రాగిజావ, మునగాకు పప్పు పెట్టి చూడండి. బియ్యంలో కోత పెట్టకుండా, వాటికి అదనంగా ఇవ్వాలి. వచ్చే యాసంగి జొన్న విత్తేలోగా ప్రభుత్వం ఈ నిర్ణయం చెబితే, రైతుకు కూడా ఎన్ని ఎకరాలు వేయాలో తెలుస్తుంది.