నల్లకోటు వెనక కనబడని వంటిల్లు

నల్లజాతి విప్లవోద్యమాల డాక్యుమెంటరీ అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది తోలు కోటు, బెరే టోపీ, భుజాన తుపాకీ. 1966లో అమెరికాలోని ఓక్లండ్‌లో పుట్టిన నల్లజాతివారి బ్లాక్ పాంథర్ పార్టీ ఆ వేషంతోనే జనం మనసుల్లో నిలిచిపోయింది. 1969 జనవరిలో అదే ఊళ్లో ఒక చర్చిలో బడిపిల్లలకు ఉచితంగా పొద్దుటి టిఫిన్ పెట్టడం మొదలుపెట్టిన సంగతి మాత్రం చాలా చిత్రాల్లో నేపథ్య సంగీతం మీద దొర్లిపోతుంది. ఆ టిఫిన్ పథకమే పార్టీని అణచే ప్రయత్నాలకు అన్నిటికన్నా పెద్ద ముప్పు కాగలదని ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ అదే ఏడాది రాశాడు. పోలీసు కంటికి ఆనినది కళాకారుల కంటికి ఆనకపోవడం విడ్డూరమే.

నాయకుడు లేకుండా ప్రేక్షకుడు కూర్చోడని, 2015లో స్టాన్లీ నెల్సన్ ఈ పార్టీ మీద తీసిన చిత్రం సామాన్య కార్యకర్తలకూ చోటిచ్చిందని కొందరంటారు. ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ కథ కూడా చివరికి పార్టీ అగ్రనాయకులు న్యూటన్, క్లీవర్ల తగువులోకే ఒరిగిపోయింది.

దీనికి భిన్నంగా, 1971లో హోవర్డ్ ఆల్క్ తీసిన ‘ద మర్డర్ ఆఫ్ ఫ్రెడ్ హాంప్టన్’ను చూడండి. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున చికాగో పోలీసులు ఇంట్లోకి చొరబడి, అక్కడి పాంథర్ల నాయకుడైన ఇరవై ఒక్కేళ్ల హాంప్టన్‌నూ, పార్టీ సభ్యుడు మార్క్ క్లార్క్‌నూ కాల్చి చంపారు. పాంథర్లే తమమీద కాల్పులు జరిపారని చెప్పుకున్నారు. రుజువుగా పత్రికకెక్కిన ఫొటోలో గుండ్ల రంధ్రాలన్నవి మేకుల తలలని తేలింది. పోలీసులు కనీసం 82 గుండ్లు కాల్చారనీ, లోపలినుంచి పేలింది ఒక్కటేననీ తర్వాత ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ (నేరారోపణలను విచారించే పౌరుల బృందం) లెక్క తేల్చింది. ఆ చిత్రం వీరగాథ అల్లుకుంటూ పోకుండా, గోడల మీద, పరుపు మీద కెమెరాను నిలిపి, సర్కారువారి కథనాన్ని ఒక్కొక్క పోగుగా విప్పింది.

అసలు ఎవరి దగ్గర ఏ రీలు మిగిలిందన్నదే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. 1972లో జైల్లో ఉన్న నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్, హింస గురించి అడిగిన విలేకరికి అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో తన చిన్ననాడు నల్లవాళ్ల మీద పేలిన బాంబుల్ని గుర్తుచేసిన అపురూపమైన ఇంటర్వ్యూ స్వీడన్ టీవీ వాళ్లది. 2011లో దర్శకుడు గోరన్ ఓల్సన్ తన చిత్రం కోసం బయటికి తీసేదాకా అది పరాయి ఇంటి అటక మీదే పడి ఉంది. చికాగోలో మాత్రం, హాంప్టన్ బతికుండగానే ఆయన వెంట తిరిగిన కెమెరా ఒకటి అప్పటికే ఊళ్లో ఉంది. పోలీసులు సీలు వేయకుండా వదిలేసిన ఆ ఇంటి గుమ్మం దాటి అదే లోపలికి వెళ్లింది.