సెప్టెంబర్‌లో ఏ ల్యూర్? పెట్టె మూసి ముందు నీళ్లు చూడండి

ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే చాలు, డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఫిషింగ్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "అన్నా, ఫాల్ వస్తోంది కదా, బాస్‌కి ఏ ల్యూర్ తీసుకోవాలి?" బాస్ ఇక్కడి వేటచేప, ల్యూర్ దాన్ని పట్టడానికి గాలానికి కట్టే ఉత్తుత్తి ఎర. అడగడమే ఆలస్యం, లింకులు వచ్చి పడతాయి. ఒకరు పాతిక డాలర్ల జపాన్ జర్క్‌బెయిట్ అనే ల్యూర్ పెడతారు. ఇంకొకరు ఆరు రంగుల క్రాంక్‌బెయిట్ల (లాగితే మునిగి ఊగే ల్యూర్ల) సెట్టు పెట్టి "ఆఫర్ ఉంది బ్రో" అంటారు. తీరా ఆదివారం లేక్ దగ్గర చూస్తే పెట్టె నిండుగానే ఉంటుంది, మనిషి మాత్రం ఒకటి విప్పి ఇంకొకటి కట్టుకుంటూ ఉంటాడు. ల్యూర్ నీళ్లలో ఉన్న సమయం కంటే ముడి వేసే సమయమే ఎక్కువ.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను, కోపం వచ్చినా సరే. సెప్టెంబర్‌లో రంగు చూసి, బ్రాండు చూసి, వీడియో చూసి ల్యూర్ కొనడం డబ్బు తగలేయడమే. చూడాల్సినవి రెండు: బాస్ తినే షాడ్ అనే చేపల పిల్లలు ఏ సైజులో ఉన్నాయి, ఏ ఒడ్డుకి చేరాయి.

ముందు వీడియోల సంగతి. వెనక ఎర్రబడ్డ మేపుల్ ఆకులు, ఒంటి మీద హుడీ, చేతిలో స్పాన్సర్ ఇచ్చిన ల్యూర్. ఆ వీడియో తీసినాయన లేక్‌లో నీళ్లు ఎప్పుడో చల్లబడ్డాయి. మన లూయిస్‌విల్ లేక్‌లో సెప్టెంబర్ మొదటి వారాల్లో పైనీళ్లు ఇంకా 80 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే ఉంటాయి. ఒడ్డున నిలబడితే చొక్కా తడిసి ముద్దవుతుంది. క్యాలెండర్‌లో శరదృతువు వచ్చినంత మాత్రాన చేపకి రాదు కదా. మొదటి గట్టి చలిగాలి ఉత్తరం నుంచి దిగి, రాత్రుళ్లు చల్లబడి, నీళ్లు 70ల్లోకి వచ్చాక అసలు కదలిక మొదలవుతుంది. అప్పుడు షాడ్ గుంపులు లోతు వదిలి క్రీకుల్లోకి, చిన్న చిన్న పాయల చివర్లకి వెళ్తాయి. వాటి వెనకే బాస్. అంతవరకు మనం ఉన్నది ఎండాకాలం తోకలోనే.

టర్నోవర్ గురించి కూడా ఒక మాట. ఎండాకాలంలో లోతున్న లేకుల్లో నీళ్లు పొరలుగా విడిపోతాయి. పైన వేడి నీళ్లు, అడుగున చల్లటివి. ఆ అడుగు పొరలో ఆక్సిజన్ తక్కువ, చేప అక్కడ ఉండదు. పైపొర చల్లబడి బరువెక్కి దిగినప్పుడు రెండూ కలిసిపోతాయి. ఆ కొన్ని రోజులు వేట కష్టమే, నిజమే. కానీ అది మనకి సాధారణంగా అక్టోబర్ ముచ్చట. సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే నాడు చేప పడకపోతే దాన్ని కూడా టర్నోవర్ మీదకి నెట్టేసేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది.

ఇక షాడ్. ఇక్కడ బాస్‌కి షాడే అన్నం. ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు, థ్రెడ్‌ఫిన్, గిజర్డ్. థ్రెడ్‌ఫిన్ తోక పసుపుగా ఉంటుంది, మొప్ప వెనక ఒక నల్ల చుక్క. వసంతంలో పుట్టిన పిల్లలు సెప్టెంబర్‌కి చాలావరకు రెండు మూడు అంగుళాలే ఉంటాయి. లేక్ నిండా ఆ సైజు తిండి తిరుగుతుంటే మనవాళ్లు "పెద్ద చేపకి పెద్ద ల్యూర్" అని ఆరంగుళాల స్విమ్‌బెయిట్ (చేపలా ఈదే ల్యూర్) విసురుతారు. పడదని అనను, ఎప్పుడో ఒకటి పడుతుంది. మిగతా పొద్దంతా చెయ్యి నొప్పి.

సైజు ఎలా తెలుస్తుందంటే చేపే చెబుతుంది. బాస్‌ని కింది దవడ పట్టుకుని పైకి లేపినప్పుడు చాలాసార్లు మింగిన షాడ్‌ని కక్కేస్తుంది. చిటికెన వేలంత ఉంటుంది, సగం అరిగి తలవైపు తెల్లగా మెత్తబడి ఉంటుంది, తోకవైపు ఇంకా వెండిలా మెరుస్తుంటుంది. వేలితో తాకితే పొలుసులు అంటుకుంటాయి. దాన్ని పారేయకుండా మీ ల్యూర్ పక్కన పెట్టి చూడండి. ఏ వీడియోలోనూ ఇంతకంటే మంచి సలహా దొరకదు. చేప పడకముందే తెలుసుకోవాలంటే పొద్దున్నే ఒడ్డున కాసేపు ఊరికే నిలబడాలి. ఎక్కడో నీళ్ల మీద చినుకులు పడుతున్నట్టు చిన్న చిన్న సుడులు కనిపిస్తాయి. అవి షాడ్. మన ఊళ్లలో కొర్రమీను కోసం వెళ్లేవాళ్లు గాలం తీయకముందు పిల్లల గుంపు ఎక్కడ తేలుతోందో చెరువంతా కళ్లతో వెతుకుతారు, తల్లిచేప ఆ కిందే కాపలా ఉంటుందని. అదే పని ఇక్కడ చేయడానికి మనకి ఓపిక ఎందుకు ఉండదో అర్థం కాదు.

ఇంతకీ ఏం కట్టాలి అంటారా? ఒడ్డు నుంచి వేసేవాళ్లకి నా లెక్క చెబుతాను. పడవ ఉన్నవాళ్ల కథ వేరు.

తెల్లవారాక మొదటి గంట టాప్‌వాటర్, అంటే నీళ్ల మీద తేలే ల్యూర్. లాగితే నీళ్లు చిమ్మే చిన్న పాపర్ గానీ, ఎడమా కుడీ ఊగుతూ నడిచే చిన్న వాకింగ్ ల్యూర్ గానీ. దీనికి ఫ్లోరోకార్బన్ లైన్ కట్టకండి, అది మునిగే లైన్, ల్యూర్ ముక్కుని కిందికి లాగేస్తుంది. మామూలు నైలాన్ మోనో గానీ, అల్లిన బ్రెయిడ్ గానీ చాలు. నీళ్ల మీద గుంపుగా చేపలు చిమ్ముతూ కనిపిస్తే అవి చాలావరకు ఇక్కడివాళ్లు శాండ్ బాస్ అనే వైట్ బాస్. అయినా వదలొద్దు, కింద మనం వెతికే లార్జ్‌మౌత్ బాస్ తిరుగుతుండొచ్చు.

ఎండ ఎక్కాక గట్టు రాళ్ల వెంబడి, మూతి దగ్గర చదరపు పలక ఉన్న స్క్వేర్‌బిల్ క్రాంక్‌బెయిట్. ఇది రాయికి తగిలి పక్కకి ఎగరాలి, ఆ క్షణంలోనే బాస్ కొడుతుంది. రాయి తగలకుండా జాగ్రత్తగా లాగితే దాన్ని కొన్నందుకు ఫలితమే లేదు. తగిలించి లాగితే ఇరుక్కుని పోతుంది అని భయమా? పోతుంది. అందుకే ఖరీదైనది కొనొద్దంటున్నాను. గాలి ఉంటే తిరిగే రెండు విల్లో బ్లేడ్లు (ఆకులాంటి సన్న రేకులు) ఉన్న తెల్ల స్పిన్నర్‌బెయిట్. అలలు వెలుగుని విరిచేస్తాయి, చేపకి ల్యూర్‌ని తేరిపార చూసే తీరిక ఉండదు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న పాయ దొరికితే మూతి పలక లేని లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ విసిరి వేగంగా లాగండి, ఎక్కువ నీళ్లు వెతికినట్టవుతుంది. ఏదీ పని చేయకపోతే నీడలో, పడవలు కట్టే డాక్ స్తంభాల పక్కన బరువు లేకుండా కట్టిన సెంకో అనే మెత్తటి ప్లాస్టిక్ పురుగు. అది కర్ర ముక్కలా ఉంటుంది, ఏ షాడ్‌కీ పోలిక లేదు, అయినా తింటాయి. నా వాదనకి అది ఎదురే, ఒప్పుకుంటాను.

రంగు గురించి కొట్టుకోవద్దు. నీళ్లు తేటగా ఉంటే తెలుపు, వెండి. వానకి బురదగా ఉంటే పసుపు కలిసిన ఆకుపచ్చ. పెట్టెలో మిగతా రంగులన్నీ చేపని కాదు, మనల్ని పట్టడానికి తయారుచేసినవి.

ఖరీదైన ల్యూర్‌కే పెద్ద చేప పడుతుందనేవాళ్లకి టెక్సస్ రికార్డు గుర్తు చేస్తాను. 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో పడిన 18.18 పౌండ్ల లార్జ్‌మౌత్. పట్టినాయన వెళ్లింది అసలు బాస్ కోసం కాదు, క్రాపీ అనే వేరే చేప కోసం. కట్టింది బతికున్న చిన్న చేపని. అలాగని అందరూ ల్యూర్లు మానేసి మిన్నోలు కొనండని కాదు, ధరకీ చేపకీ సంబంధం లేదంటున్నాను. ల్యూర్ల మీద మిగిలిన డబ్బుతో ముందు లైసెన్స్ చూసుకోండి. ఇక్కడ మామూలు లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది, సరిగ్గా అందరూ ఫాల్ షాపింగ్‌లో పడే వారం.

ఈ శనివారం వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు ఫోన్‌లో గాలి చూడండి. రెండు రోజులుగా దక్షిణం నుంచే వీస్తోందంటే ఉత్తరపు ఒడ్డుకి వెళ్లండి. నీళ్ల మీది సన్న నాచూ, దాన్ని తినే షాడూ అటే కొట్టుకొచ్చి ఉంటాయి. అలలు ముఖాన చిమ్ముతాయి, విసరడం కష్టం, లైన్ వెనక్కి వస్తుంది. పార్కింగ్ పక్కనే నీడా, అద్దంలాంటి నీళ్లూ ఉన్న చోటు వదిలి అక్కడికే వెళ్లండి.