నగరపు వేడి: తీసివేతా, కూడికా?

2024 మే 29న ఢిల్లీ శివార్లలోని ముంగేష్‌పూర్ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీలు చూపించింది. దేశ చరిత్రలోనే రికార్డు అంటూ పొద్దుగూకేసరికి ఆ అంకె దేశమంతా చుట్టేసింది. మర్నాడు నాగ్‌పూర్‌లో ఒక కేంద్రం ఏకంగా 56 డిగ్రీలు చూపింది. వాతావరణ శాఖ పరిశీలించి, ముంగేష్‌పూర్ సెన్సర్ అసలు కన్నా 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేల్చింది. నాగ్‌పూర్ లెక్కా నిలవలేదు. చెడిన సెన్సర్‌ను మార్చేస్తే ఆ గొడవ అక్కడితో తీరుతుంది. పరికరం నిక్షేపంగా ఉండి, దాని చుట్టూ ఉన్న ఊరే మారిపోతే ఏం చేయాలన్నది అంతకన్నా చిక్కు ప్రశ్న.

బేగంపేట విమానాశ్రయం కట్టిననాడు అది హైదరాబాద్ అంచున ఉండేది. ఇప్పుడు నగరం నడిబొడ్డు. అక్కడి థర్మామీటరు ఎక్కువ చూపితే అందులో భూతాపం ఎంత, చుట్టూ పెరిగిన కాంక్రీటు ఎంత? వాతావరణ మార్పును నమ్మనివారు చాలాకాలంగా వేస్తున్న ప్రశ్న ఇదే. కేంద్రాలన్నీ పట్నాల్లో ఉన్నాయి కాబట్టి మీరు కొలుస్తున్నది పట్నం వేడినే అన్నది వారి వాదన. కొట్టిపారేయదగ్గ మాట కాదిది.

టోక్యోనే చూడండి. అక్కడ సగటు ఉష్ణోగ్రత నూరేళ్లకు సుమారు 3 డిగ్రీల చొప్పున పెరిగింది. జపాన్ వాతావరణ సంస్థ దేశం మొత్తానికి లెక్క వేసేటప్పుడు టోక్యోను కలపదు. నగరీకరణ ప్రభావం తక్కువగా ఉన్న 15 కేంద్రాలనే తీసుకుంటుంది. వాటి ప్రకారం పెరుగుదల టోక్యోలో సగానికి అటూఇటూ ఉంటుంది. 2014 డిసెంబరులో టోక్యో కేంద్రాన్ని ఓతెమాచి కార్యాలయాల నడుమ నుంచి కితానోమారు ఉద్యానవనానికి తరలించారు. రెండింటి మధ్య దూరం కిలోమీటరు కూడా లేదు. అయినా వార్షిక సగటు సాధారణ ఉష్ణోగ్రతను 16.3 నుంచి 15.4 డిగ్రీలకు సవరించాల్సి వచ్చింది! చెట్ల మధ్యకు జరిగినందుకే దాదాపు ఒక డిగ్రీ తగ్గింది.

అలాగని ప్రపంచ లెక్కలు తప్పా అంటే, కావు. పది నిమిషాలు ముందు నడిచే గడియారం కూడా గంట ఎంతసేపు గడిచిందో సరిగ్గానే చెబుతుంది. అలాగే నూరేళ్లుగా నగరం మధ్యలోనే ఉన్న కేంద్రం ఎప్పుడూ ఎక్కువే చూపవచ్చు గాని, పెరుగుదలను పెంచి చూపనక్కర లేదు. గడిచిన కాలంలో చుట్టుపక్కల మారిన కేంద్రాలతోనే పేచీ. వాటిని పొరుగు కేంద్రాలతో పోల్చి, తేడా వచ్చిన చోట సరిదిద్దుతారు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ ఈ సవరణలను నమ్మలేదు. బర్కిలీ ఎర్త్ పేరిట సొంత బృందాన్ని కూర్చి, లెక్కంతా మొదటి నుంచి వేయించారు. ఫలితం పాత లెక్కలతోనే సరిపోయింది. నగరాల ప్రభావం ప్రపంచ సగటులో పట్టించుకోనవసరం లేనంత స్వల్పమని తేలాక, 2012లో తన సందేహం తీరిపోయిందని ఆయనే బహిరంగంగా రాశారు.

నాకు ఇంకా నచ్చిన పరీక్ష బ్రిటన్‌ వాతావరణ శాస్త్రవేత్త డేవిడ్ పార్కర్ 2004లో చేసినది. గాలి వీచే రాత్రి నగరపు వేడి కొట్టుకుపోతుంది, గాలి ఆగిన రాత్రి పేరుకుంటుంది. భూతాపమంతా నగరాల మాయే అయితే గాలిలేని రాత్రుల్లోనే పెరుగుదల ఎక్కువగా కనిపించాలి. ఆయన రెండు రకాల రాత్రులనూ విడదీసి చూస్తే పెరుగుదల సమానంగానే ఉంది. ఇంత చవకగా ఇంత పెద్ద తగవు తీరడం అరుదు. ఇక భూమిలో సుమారు 70 శాతం సముద్రమే. అక్కడ అపార్ట్‌మెంట్లు లేవు, అయినా నీళ్లు వేడెక్కుతున్నాయి. మన దేశం సంగతీ అంతే. 1901 నుంచి 2018 వరకు భారత సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగిందని భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెప్పింది. ఇది ప్రపంచ భూభాగపు సగటు కన్నా తక్కువ. పట్నాలు ఇంత వేగంగా పెరిగిన దేశంలో, వాటి వల్లే లెక్క ఉబ్బిందన్న వాదన ఎలా నిలుస్తుంది?

కాబట్టి ప్రపంచ ఉష్ణోగ్రతల లెక్క నుంచి నగరపు వేడిని తీసివేయడం సబబే. నా అభ్యంతరం వేరే చోట ఉంది. భూగోళం లెక్కలో తీసివేయాల్సిన ఆ వేడే నగరవాసి ఒంటి లెక్కలో కూడికవుతుంది. అక్కడ దాన్ని కలుపుతున్నామా?

మన పత్రికలు, చానళ్లు వేసవి అంతా గరిష్ఠ ఉష్ణోగ్రతల చుట్టూనే తిరుగుతాయి. ఎండ అనగానే తెలుగువారికి తట్టే పేర్లు రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం. వీటిలో ఒక్కటీ మహానగరం కాదు. పైగా వేసవి పగటి పూట చుట్టుపక్కల ఎండి బీడుపడిన పొలాల నేల కన్నా నగరపు నేలే కాస్త చల్లగా ఉండే సందర్భాలు మన దేశంలో ఎక్కువని ఐఐటీ గాంధీనగర్ పరిశోధకులు 2017లో చూపించారు. నగరం తన వేడిని బయటపెట్టేది రాత్రి. పగలంతా తాగిన ఎండను గోడలు, రోడ్లు, స్లాబులు పొద్దుగూకాక వదులుతాయి. ఇరుకు సందుల్లో అది పైకి పోలేదు, ఏసీలు ఇంట్లో వేడిని వీధిలోకి తోస్తాయి. లండన్ రాత్రులు పల్లె కన్నా సుమారు 2 డిగ్రీలు వెచ్చగా ఉంటాయని అక్కడి వాతావరణ పరిశీలకుడు ల్యూక్ హోవార్డ్ రెండు శతాబ్దాల కిందటే కొలిచి చెప్పాడు. రేకుల ఇంట్లో, పై అంతస్తులో ఉండేవారికి వడదెబ్బ సగం ఈ రాత్రుల్లోనే తయారవుతుంది. తెల్లవార్లూ చల్లబడని శరీరం మర్నాటి ఎండను తట్టుకోలేదు.

దీనికి వాతావరణ శాఖ దగ్గర 'వెచ్చని రాత్రి' అనే హెచ్చరిక ఉంది. కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పైకి వెళితే అది వర్తిస్తుంది. అయితే ఆ 'సాధారణం' 1991-2020 మధ్య అదే కేంద్రంలో నమోదైన సగటు. నగరం అప్పటికే పెంచిపెట్టిన వేడి ఆ సగటులో కలిసే ఉంది. అంటే వాతావరణ రికార్డులో తీసివేతకు పోయిన వేడి, ఆరోగ్య హెచ్చరికలో సాధారణం కింద కరిగిపోతోంది. రెండు పుస్తకాల్లోనూ దాని పద్దు కనబడదు. ఇది కుట్ర కాదు, ఒకే అంకెను రెండు పనులకు వాడుకోవడం వల్ల వచ్చిన తిప్పలు.

మరో షరతు ఇంకా విచిత్రం. పగటి గరిష్ఠం 40 డిగ్రీలకు తగ్గితే 'వెచ్చని రాత్రి' అన్న ప్రకటనే ఉండదు. 39 డిగ్రీల పగటి తర్వాత ఉక్కతో జనం మిద్దెల మీద నిద్రలేక దొర్లినా ఆ రాత్రి రికార్డుల్లో మామూలు రాత్రే. ముందుగా ఈ 40 షరతును ఎత్తేయాలి. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నాయి, వాటిలో అనేకం హైదరాబాద్ బస్తీల మధ్యే. వాటి రాత్రి అంకెలను, సాధారణంతో తేడాగా కాకుండా ఉన్నవి ఉన్నట్టుగా, వార్డుల వారీగా రోజూ ప్రకటించడానికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.